రియాక్టర్‌లో నీళ్లు, వాగులో మందు

ఈ సంవాదంలో ఇద్దరే ఉన్నారు. ఒకరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో మైక్రోబయాలజీ విభాగం చూసి రిటైరైన డాక్టరు. చాలాకాలం సంగారెడ్డి వైపు పనిచేశారు. రెండో మనిషి ఆయన అక్క కూతురు, కెమికల్ ఇంజినీరు. బాక్టీరియా ఎంజైములతో పెన్సిలిన్ జాతి మందులు చేసే ప్లాంట్లలో ఆమె ఉద్యోగం. ఆ ఎంజైముల వల్ల యాంటీబయాటిక్స్ తయారీ బాగుపడిందా లేదా అన్నదే తగువు. ఇద్దరికీ విషయం తెలుసు, ఇద్దరికీ పట్టుదల ఎక్కువ. అందుకే వాళ్ల మాటలు వాళ్ల వరసలోనే రాస్తున్నాను. ఒకచోట మాత్రం కలగజేసుకోకుండా ఉండలేకపోయాను.

మామయ్య: ముందే చెప్తున్నానమ్మా. మీవాళ్లు గ్రీన్ కెమిస్ట్రీ అన్నప్పుడల్లా నాకు పటాన్‌చెరు పక్కన ఇసకవాగు గుర్తొస్తుంది. ఆ నీళ్లు ఏ రంగులో పారేవో చూసినవాణ్ని. ఎంజైము వచ్చింది, ఫ్యాక్టరీ శుభ్రపడింది అంటే నేను ఒప్పుకోను.

మేనకోడలు: ఒప్పుకోవద్దు మామయ్యా. కానీ ఎంజైము రాకముందు ఆ రియాక్టర్‌లో ఏం పోసేవాళ్లో విని, ఆ తర్వాత కాదనండి.

మామయ్య: చెప్పు.

మేనకోడలు: యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లాక్సాసిలిన్, వీటన్నిటికీ మూలసరుకు ఒకటే, 6-ఏపీఏ. పూర్తిపేరు 6-అమినో పెన్సిలానిక్ ఆమ్లం. ఫెర్మెంటర్‌లో బూజును పెంచితే వచ్చేది పెన్సిలిన్-జి. ఆ అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటి ఉంటుంది, బీటా-లాక్టమ్. మందుకు బలమంతా అక్కడే. దాని పక్కన ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం నుంచి వచ్చిన తోక. ఆ తోక తీసేసి ఇంకో తోక తగిలిస్తే ఇంకో మందు. కష్టమల్లా తీయడంలోనే. తోకను పట్టుకున్న బంధం గట్టిది. వలయమేమో బిగదీసి కట్టినట్టు ఉంటుంది, కాస్త ఆమ్లమో క్షారమో తగిలితే అదే ముందు తెగిపోతుంది. కొబ్బరికాయకు పీచు ఊడాలి, చిప్ప పగలకూడదు. మామూలు రసాయనాలన్నీ చిప్పనే ముందు పగలగొట్టే రకం.

మామయ్య: అయినా కెమిస్టులు సాధించారుగా. మీ ఎంజైము ఊపందుకోకముందు 6-ఏపీఏ దొరకలేదా?

మేనకోడలు: దొరికింది. ఏం పోసి దొరికించుకున్నారో చూడండి. ముందు ట్రైమిథైల్ క్లోరోసైలేన్‌తో ఆమ్ల సమూహాన్ని మూసిపెట్టాలి. తర్వాత ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్. రియాక్టర్ మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబడాలి, తడి తగలకూడదు. సాల్వెంటు డైక్లోరోమీథేన్. ఆ తర్వాత బ్యూటనాల్, చివరికి నీళ్లు. 500 కిలోల 6-ఏపీఏ చేయడానికి పుస్తకాల్లో ఉన్న లెక్క చెప్తాను. పెన్సిలిన్-జి ఒక టన్ను. డైమిథైల్ ఎనిలిన్ సుమారు 800 కిలోలు. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ 600 కిలోలు. సైలేన్ 300 కిలోలు. డైక్లోరోమీథేన్, బ్యూటనాల్ ఒక్కొక్కటి నాలుగు వేల లీటర్లకు పైన. ఎంజైము దారిలో అదే 500 కిలోలకు అదే టన్ను పెన్సిలిన్, సుమారు పదివేల లీటర్ల నీళ్లు, 45 కిలోల అమోనియా, ఖర్చయ్యే ఎంజైము పూసలు ఒకటి రెండు కిలోలు. వేడి మన ఒంటి వేడిని మించదు. మైనస్ 40లో రియాక్టర్ నడపాలంటే ఎంత కరెంటు, ఎంత ప్రమాదం! పెంటాక్లోరైడ్ డ్రమ్ము మూత తీసే మనిషి పక్కన నిలబడితే తెలుస్తుంది. ఆ మనిషి ఇవాళ ఆ పని చేయనక్కర్లేదు.

మామయ్య: ఊడిన తోక ఎక్కడికి పోతుంది?

మేనకోడలు: ఫినైల్ ఎసిటిక్ ఆమ్లంగా బయటికి వస్తుంది. అది పోగవుతుంటే నీళ్లు పుల్లబడతాయి. అందుకే బ్యాచ్ నడుస్తున్నంతసేపూ అమోనియా చుక్కలుగా పోసి పీహెచ్ 8 దరిదాపుల్లో నిలబెట్టాలి. అది 7కి జారితే కోత నెమ్మదిస్తుంది, 9కి ఎక్కితే వలయం తెగడం మొదలవుతుంది. పని అయిపోయాక పీహెచ్‌ను 4 దగ్గరికి దించితే 6-ఏపీఏ తెల్లగా గడ్డకట్టి కిందికి దిగుతుంది. మిగిలిన ద్రవంలోంచి ఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని తీసి మళ్లీ ఫెర్మెంటర్‌కి పంపొచ్చు. బూజు దాన్నే తోకగా వాడుకుని మళ్లీ పెన్సిలిన్-జి చేస్తుంది.

మామయ్య: అక్కడిదాకా బాగానే ఉంది. నీ ఎంజైము ఈ. కోలైదే కదూ?

మేనకోడలు: మొదట ఫ్యాక్టరీకెక్కినది అదే. పెన్సిలిన్ ఎసైలేజ్.

మామయ్య: అయితే ఆ సూక్ష్మజీవితో నా పరిచయం నీకన్నా పాతది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసాయనకు పెన్సిలిన్ ఎక్కించింది 1941 ఫిబ్రవరిలో. అంతకు నెలన్నర ముందే, 1940 డిసెంబరులో, అక్కడే పనిచేస్తున్న అబ్రహాం, చెయిన్ ఇద్దరూ నేచర్ పత్రికలో ఒక చిన్న ఉత్తరం ప్రచురించారు. పెన్సిలిన్‌ను పనికిరాకుండా చేసే ఎంజైము బాక్టీరియాలో ఉందని. ఆ బాక్టీరియా ఏదనుకున్నావు? నీ ఈ. కోలైయే. మందు మంచం దగ్గరికి రాకముందే విరుగుడు సిద్ధంగా ఉంది. నా ఉద్యోగమంతా ఆ విరుగుడు వెనకాలే గడిచింది. మూత్రం కల్చర్ తీయడం, ప్లేటు మీద మందు బిళ్లలు పెట్టడం, వాటి చుట్టూ బాక్టీరియా ఒత్తుగా పెరిగిపోయి ఉండడం చూడడం. మొదట్లో యాంపిసిలిన్ ఒక్కటే పోయింది. తర్వాత సెఫలోస్పోరిన్లు. తర్వాత, ఇక ఇదే దిక్కు అనుకున్నవి కూడా.

మేనకోడలు: మీరు చెప్పేది పెన్సిలినేజ్. అది తెంపేది వలయాన్ని. నేను చెప్పేది ఎసైలేజ్. అది తెంపేది తోకను, వలయాన్ని ముట్టుకోదు. రెండూ ఒకే జీవి దగ్గర దొరికాయి. ఒకటి మందును చంపేది, ఒకటి మందుకు మూలసరుకు అందించేది. నాకు ఈ పని మీద మొదట ఇష్టం కలిగింది అక్కడే మామయ్యా. 1957లో ఇంగ్లండులో బీచమ్ కంపెనీవాళ్లు బ్రోకమ్ పార్క్ ల్యాబ్‌లో 6-ఏపీఏని పట్టుకున్నారు. 1959లో బయటపెట్టారు. ఫెర్మెంటేషన్‌లో నేరుగా వచ్చే 6-ఏపీఏ చాలా కొంచెం. పెన్సిలిన్ తోక కోసే ఎంజైము ఒక బూజులో ఉందని జపాన్‌లో సకగుచి, మురావో 1950లోనే చెప్పి ఉన్నారు. 1960 వచ్చేసరికి నాలుగైదు కంపెనీల ల్యాబులు ఒకేసారి బాక్టీరియాలో దాన్ని కనిపెట్టాయి. బేయర్ కంపెనీ వాడిన ఈ. కోలై రకం ఇప్పటికీ ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు.

మామయ్య: ఈ. కోలైకి ఆ తోక కోసే పని దేనికి? పెన్సిలిన్ నుంచి తప్పించుకోవడానికా?

మేనకోడలు: అలా అనిపించదు. 37 డిగ్రీల దగ్గర అది ఆ ఎంజైమును దాదాపు చేయదు. చల్లగా ఉండాలి, చుట్టూ ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. పేగులో ఉన్నప్పటి సంగతి కాదిది. బయట మట్టిలో, నీళ్లలో బతికేటప్పుడు అలాంటి పదార్థాలను విడగొట్టి తినడానికి పనికొస్తుందని అనుకుంటున్నారు. ఇంకో ముచ్చట. ఆ ఎంజైము పుట్టుకలో ఒకే పొడుగాటి గొలుసు. అప్పుడు దానికి పని చేతకాదు. తన మధ్యలోంచి ఒక ముక్కను తానే కోసుకుని పారేస్తుంది. అప్పుడు మిగిలిన రెండో గొలుసు కొసన ఒక సెరీన్ బయటపడుతుంది. కోత కోసేది ఆ ఒక్క సెరీనే. 1995లో దాని రూపం తేలింది. ఆ బొమ్మ చూస్తే తోక వచ్చి కూర్చునే గుంట ఎంత కచ్చితంగా ఉందో అర్థమవుతుంది. వలయానికి అక్కడ ప్రమాదమే లేదు.

మామయ్య: ఎంజైమంటే ఖరీదు. ఒకసారి వాడి పారబోస్తే కంపెనీ మునుగుతుంది.

మేనకోడలు: అందుకే పూసలు. ఎంజైమును సన్నటి పాలిమర్ పూసలకు అతికించేస్తాం. రియాక్టర్ అడుగున జల్లెడ ఉంటుంది. బ్యాచ్ అయ్యాక ద్రవం కిందికి పోతుంది, పూసలు పైన నిలుస్తాయి. మళ్లీ పెన్సిలిన్ పోస్తాం. అలా వందల బ్యాచ్‌లు. 1970ల నుంచి ప్రపంచమంతా ఈ దారికి మళ్లిందంటే కారణం ఎంజైము ఒక్కటే కాదు, పూస కూడా. మన దేశంలో పుణే నేషనల్ కెమికల్ లేబొరేటరీవాళ్లు దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇవాళ లోకంలో 6-ఏపీఏ అంటే దాదాపు ఎంజైముతో చేసినదే.

మామయ్య: అది సగం పని. కొత్త తోక తగిలించేది ఎవరు?

మేనకోడలు: అదే ఎంజైము! దాన్ని వెనక్కి నడిపిస్తాం. తగిలించాల్సిన తోకను ఎస్టర్ రూపంలో ఇస్తే ఎంజైము దాన్ని పట్టుకుంటుంది. పక్కన 6-ఏపీఏ ఉంటే దానికి అప్పగిస్తుంది. అమాక్సిసిలిన్ తయారవుతుంది. చిక్కేమిటంటే పక్కన నీళ్లు కూడా ఉన్నాయి. నీటికి అప్పగిస్తే తోక వృథా. పైగా తయారైన అమాక్సిసిలిన్‌ను మళ్లీ కోసేయగలదు కూడా. నా ఉద్యోగంలో నిద్ర పట్టనివ్వనిది ఇదే. సరుకు చిక్కగా పోయాలి, చల్లగా ఉంచాలి, పీహెచ్ ఈసారి 6 పైచిలుకులో ఉండాలి. తయారైన మందు వెంటనే గడ్డకట్టి ఎంజైముకు అందకుండా పోవాలి. ఎంజైములో ఒకటి రెండు అమినో ఆమ్లాలు మార్చి, నీటి వైపు కన్నా 6-ఏపీఏ వైపు మొగ్గేలా చేసిన రకాలు వచ్చాయి. వాటితోనే ఇది ఫ్యాక్టరీ స్థాయికి ఎక్కింది. సెఫలెక్సిన్ కూడా అంతే. డచ్ కంపెనీ డీఎస్‌ఎం పది మెట్ల రసాయన దారిని బాగా కుదించింది.

మామయ్య: సెఫలోస్పోరిన్లంటే గుర్తొచ్చింది. 1945లో సార్డీనియాలో, కాల్యారీ ఊళ్లో, మురుగునీరు సముద్రంలో కలిసేచోట బ్రోట్జు అనే డాక్టరు ఆ బూజును పట్టుకున్నాడు. టైఫాయిడ్ ఉండాల్సినంత లేదెందుకని ఆయన అనుమానం. అప్పుడు మురుగులో మందు దొరికితే వరం. ఇప్పుడు మన వాగులో మందు దొరుకుతోంది. అది వరం కాదు.

మేనకోడలు: తెలుసు మీరు అక్కడికే వస్తారని.

మామయ్య: రాక తప్పదు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన నువ్వు చదివే ఉంటావు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పట్లో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నీళ్లు వచ్చేవి. శుద్ధి అయ్యాక బయటికి వదిలిన నీటిని వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. సిప్రో మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మళ్లీ చెప్తున్నాను, శుద్ధి చేశాక ఉన్న లెక్క అది. ఆ నీళ్లు అప్పట్లో ఇసకవాగులో కలిసి, నక్కవాగులో కలిసి, మంజీరలోకి పోయేవి. బాక్టీరియాకు నిరోధం నేర్పని స్థాయి సిప్రోకి ఎంతని ఇవాళ శాస్త్రవేత్తలు లెక్కగడుతున్నారు? లీటరుకు 0.06 మైక్రోగ్రాములు. భాగించి చూడు. సుమారు ఐదు లక్షల రెట్లు. నా ల్యాబ్ ప్లేటు మీద నేను ఒక బిళ్ల పెట్టి పరీక్షిస్తాను. అక్కడ ఒక వాగునే ప్లేటుగా మార్చి పెట్టారు.

మేనకోడలు: సిప్రోకి ఎంజైముతో సంబంధం లేదు మామయ్యా. అది మొదటినుంచి చివరిదాకా రసాయన సంశ్లేషణే. బూజూ లేదు, బాక్టీరియా లేదు. ఆ పాపం నా ఎసైలేజ్ ఖాతాలో రాయకండి.

మామయ్య: రాయను. నేను అడిగేది వేరు. సిప్రో బదులు ఆ పైపులోంచి అమాక్సిసిలిన్ వచ్చి ఉంటే? నీ నీళ్ల రియాక్టర్లో చేసిన శుభ్రమైన అమాక్సిసిలిన్? రియాక్టర్ కడిగిన నీళ్లు, వడపోత గుడ్డ ఉతికిన నీళ్లు, డ్రయ్యర్ దుమ్ము, ఫెయిలైన బ్యాచ్, వీటిలో ఉండేది సాల్వెంటు కాదు, మందు. ఎంజైముతో చేస్తే మందు తక్కువ మందవుతుందా?

మేనకోడలు: కాదు.

మామయ్య: అంతే. నా తగువు అంతే.

మేనకోడలు: అంతే కాదు. బీటా-లాక్టమ్ మందులు నీళ్లలో ఎక్కువకాలం నిలవవు. ఆ వలయం బలహీనత ఇందాక చెప్పానుగా, తయారీలో అది మాకు శత్రువు, వ్యర్థంలో అదే మిత్రుడు. సిప్రో అలా కాదు, అది మట్టిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉంటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

మామయ్య: నిలవకపోవచ్చు. కానీ రోజూ వస్తుంటే నిలవాల్సిన అవసరమేముంది? రోజూ కొత్తది వస్తుంది.

ఇక్కడ నేను కలగజేసుకుంటాను. ఇద్దరూ కాలుష్యం అంటున్నారు గానీ ఆ మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి టన్నుల్లో ఉంటుంది. సాల్వెంట్లు, క్లోరైడులు, ఫాస్ఫేట్లు. ముక్కుకు తెలుస్తుంది, పొలం తెల్లబారితే తెలుస్తుంది. ఎంజైము దాన్ని నిజంగానే తగ్గించింది. ఆ విషయంలో మేనకోడలి మాటకు తిరుగులేదని నా నమ్మకం. రెండోది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, వాసన లేదు, రంగు లేదు. మన కాలుష్య నియంత్రణ కొలతలన్నీ మొదటిదాని కోసం పుట్టినవి. సీఓడీ ఎంత, లవణాలు ఎంత అని అడుగుతాయి. లీటరు నీటిలో ఉన్న సేంద్రియ పదార్థం మొత్తాన్ని ఒకే అంకెలో చెప్పే సీఓడీకి, అందులో వెయ్యోవంతుకు ఎంతో తక్కువగా ఉన్న యాంటీబయాటిక్ కనపడదు. ఒక ప్లాంటు ఎంజైముకు మారి సీఓడీని బ్రహ్మాండంగా తగ్గించుకుని, అవార్డు తీసుకుని, అదే మోతాదులో మందును వాగులోకి వదులుతూ ఉండొచ్చు. చట్టం దృష్టిలో ఆ ప్లాంటు నిర్దోషి. ఇది నాకు భరించరాని విషయం. అందుకే ఈ సంవాదం రాయాలనుకున్నాను.

మామయ్య: చట్టం దాకా ఒకసారి వెళ్లింది కూడా. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. 121 యాంటీబయాటిక్స్‌కు, ఫ్యాక్టరీ వదిలే నీటిలో ఒక్కొక్కటి ఎంత మించకూడదో అంకెలతో రాసింది. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి అలా రాయలేదు. నేను సంతోషించాను. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు.

మేనకోడలు: ఆ పట్టికను అలాగే అమలు చేయాలంటే ప్రతి కంపెనీ దగ్గరా అంత సూక్ష్మంగా కొలిచే ఏర్పాటు కావాలి. మురుగునీళ్లలో, ఉప్పుల మధ్య, మైక్రోగ్రామును పట్టుకోవడం అంత తేలిక కాదు. చిన్న కంపెనీలు మూతపడతాయన్న భయం ఉంది. అది ఊరికే వచ్చిన భయం కాదు.

మామయ్య: మాత్రలో అశుద్ధం ఎంతుందో అమెరికావాళ్ల కోసం మీరు ఏ స్థాయిలో కొలుస్తారు?

మేనకోడలు: చాలా సూక్ష్మంగానే.

మామయ్య: ఆ యంత్రమే. అమ్మే సరుకు కోసం కొలవగలిగినవాళ్లు వదిలే నీళ్ల కోసం కొలవలేరా? 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

మేనకోడలు: ఇచ్చింది. చదివాను. పెద్ద కంపెనీలు కొన్ని తమంతట తాము లక్ష్యాలు పెట్టుకుని పాటిస్తున్నాయి కూడా. అమాక్సిసిలిన్‌కు లీటరుకు 0.25 మైక్రోగ్రాములు. అది నదిలో కలిశాక ఉండాల్సిన లెక్క. కానీ నేను ఇంకో సంగతి అడుగుతాను, మీరు కోపం తెచ్చుకోకూడదు. ఈ మందులు మనం చేయకపోతే ఎవరు చేస్తారు? ఒకప్పుడు పెన్సిలిన్-జి మన దేశంలోనే వచ్చేది. పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్, రిషీకేశ్‌లో ఐడీపీఎల్, తర్వాత ప్రైవేటు కంపెనీలు. చైనా ధర ముందు ఒక్కొక్కటే ఫెర్మెంటర్లు ఆపేశాయి. మా దగ్గర ఎంజైము ఉండేది, పూసలు ఉండేవి, కోయడానికి పెన్సిలిన్ మాత్రం ఓడలో రావాల్సి వచ్చేది. కోవిడ్ రోజుల్లో అందరికీ ఆ సంగతి తెలిసొచ్చింది. 2020లో కేంద్రం 6,940 కోట్ల రూపాయలతో బల్క్ డ్రగ్ ప్రోత్సాహక పథకం పెట్టిందంటే అందుకే. దాని కిందే కాకినాడ దగ్గర అరబిందో ఫార్మా వారి లైఫియస్ ప్లాంటు వచ్చింది. ఏడాదికి 15 వేల టన్నుల పెన్సిలిన్-జి సామర్థ్యం, 2024లో ఉత్పత్తి మొదలైంది. అంత పెద్ద ఫెర్మెంటేషన్ మన తీరానికి రావడం చిన్న విషయం కాదు.

మామయ్య: చిన్న విషయం కాదన్నందుకే అడుగుతున్నాను. నీ ఎంజైము కోత తర్వాతి మెట్టు. దానికి ముందున్నది బూజు. ఫెర్మెంటర్ ఖాళీ చేశాక మిగిలే బూజు ముద్ద ఎన్ని టన్నులు? దాన్ని ఎక్కడ పోస్తారు? చైనాలో దాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చారంటే ఊరికే చేర్చలేదు. అందులో మిగిలిన పెన్సిలిన్ ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పశువుల దాణాలో కలిపేవాళ్లు. మన తూర్పు తీరమంతా రొయ్య పిల్లల హేచరీలు, వేటకెళ్లే గంగపుత్రులు. సముద్రం పెద్దది, అందులో కలిసిపోతుంది అని ఎవరైనా అంటే నాకు పటాన్‌చెరులో మొదటిరోజుల మాటలే వినబడతాయి. అప్పుడు, వాగు పారుతూనే ఉంటుంది, కొట్టుకుపోతుంది అన్నారు.

మేనకోడలు: బూజు ముద్దను క్షారంతోనో వేడితోనో వలయం తెగేదాకా ఉంచాలి. ఎంజైముతో కూడా చేయొచ్చు. ఏ ఎంజైమో తెలుసా? ఇందాక మీరు చెప్పినదే. అబ్రహాం, చెయిన్ కనిపెట్టిన జాతి, పెన్సిలినేజ్. మీ రోగులకు శత్రువైనది వ్యర్థపు ట్యాంకులో మనకు పనిచేసిపెడుతుంది. మిల్లీగ్రాముల్లో ఉన్న పెన్సిలిన్‌ను మామూలు ఉష్ణోగ్రతలోనే కోసి పారేస్తుంది.

మామయ్య: ఈ మాట నాకు నచ్చింది. నిజంగా నచ్చింది. కానీ ఎంజైముగానే వేయాలి, దాన్ని చేసే బతికున్న బాక్టీరియాను కాదు. జన్యువు బయటికి పోతే అది ఏ జీవిలో చేరుతుందో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. అది చేరకుండా ఆపడమే కదా ఈ గోలంతా.

మేనకోడలు: ఎంజైముగానే. అందులో మీరు చెప్పింది సరైనది.

మామయ్య: తెగిందని ఎలా తెలుస్తుంది?

మేనకోడలు: కొలవాలి.

మామయ్య: ఎటుపోయినా అక్కడికే వస్తున్నాం చూడు. ఇంకో భయం కూడా చెప్తాను. నీ ఎంజైము వల్ల అమాక్సిసిలిన్ చవకైంది. చవకైనందుకే మెడికల్ షాపులో జలుబుకు కూడా రెండు మాత్రలు చేతిలో పెడుతున్నారు.

మేనకోడలు: చవకైనందుకే న్యుమోనియా వచ్చిన పసిపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఇవ్వమన్న మందు పల్లెలో కూడా దొరుకుతోంది. ధర పెంచి దుర్వినియోగం ఆపాలంటే ముందు ఆగేది ఆ పిల్ల వైద్యం. చీటీ లేకుండా అమ్మడాన్ని షాపు దగ్గర ఆపండి, నా రియాక్టర్ దగ్గర కాదు.

మామయ్య: ఆ మాట తీసుకుంటాను. 2019లో మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల వల్లే నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్‌లో లెక్క వచ్చింది. వాళ్లలో మందు ఎక్కువై చనిపోయినవాళ్లెవరో, అందక చనిపోయినవాళ్లెవరో విడదీయలేం. చవక మందు మీద నాకు కోపం లేదు. యాంటీబయాటిక్ చవగ్గా అందాలన్నది మన భీమవరం సుబ్బారావుగారి తరం కన్న కల. ఆయన లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన విభాగం నడిపిస్తున్నప్పుడే ఆరియోమైసిన్ వచ్చింది, 1948లో. అది కూడా మట్టిలోని బాక్టీరియా తన ఎంజైములతో చేసి ఇచ్చినదే. నాకు కోపం ఎక్కడంటే, ఆ చవక ధరలో వాగు ఖర్చు కలపలేదు. ఆ ఖర్చు నా వార్డులో కట్టారు.

మేనకోడలు: అయితే కొనేవాళ్లు అడగాలి. మేము చేసే సరుకులో ఎంతో భాగం ప్రభుత్వాలు కొంటాయి. మీరు కొనుగోలు కమిటీల్లో కూర్చున్నారు కదా. ఏం చూసేవాళ్లు?

మామయ్య: నాణ్యత సర్టిఫికెట్ ఉందా లేదా. ఉన్నవాళ్లలో అందరికన్నా తక్కువ ధర ఎవరిది. ఎల్-1. అంతే.

మేనకోడలు: ఎల్-1 అని మీరు రాసిన రోజునే, వ్యర్థపు ట్యాంకు మీద ఖర్చుపెట్టిన కంపెనీ ఓడిపోయింది. రెండు రూపాయలు మిగిల్చుకోవడానికి నీళ్లను అలాగే వదిలేసినవాడు గెలిచాడు. నార్వేలో 2019లో ఆస్పత్రుల యాంటీబయాటిక్స్ టెండర్‌లో పర్యావరణానికి 30 శాతం మార్కులు పెట్టారు. చిన్న దేశం, చిన్న కొనుగోలు. అయినా సరఫరాదారులు సమాధానం చెప్పాల్సి వచ్చింది. మన రెండు రాష్ట్రాల మందుల కార్పొరేషన్లు కొనేది అంతకన్నా తక్కువా?

మామయ్య: 30 శాతం ఎవరూ ఒప్పుకోరు. ఆర్థిక శాఖ ఫైలు వెనక్కి పంపుతుంది.

మేనకోడలు: మార్కులు వద్దు, షరతు పెట్టండి. యాంటీబయాటిక్ సరఫరా చేసే కంపెనీ, ఆ మందు మూలసరుకు ఏ ప్లాంటులో తయారైందో పేరు చెప్పాలి. ఆ ప్లాంటు గేటు దాటే నీళ్లలో ఆ మందు లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములుందో కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే టెండర్ తెరవొద్దు.

మామయ్య: ఆ కాగితం మీరే రాసుకుంటే నేను నమ్మను.

మేనకోడలు: నమ్మొద్దు. శాంపిల్ మీవాళ్లు తీయాలి, సీలు మీవాళ్లు వేయాలి, వేరే ఊళ్లోని ప్రభుత్వ ల్యాబులో కొలవాలి. ఖర్చు మా దగ్గర వసూలు చేయండి. ఎంజైముతో చేస్తున్నామని చెప్పుకునే ప్లాంటుకూ ఇదే, మైనస్ 40లో చేసే ప్లాంటుకూ ఇదే. మా ప్లాంటుతోనే మొదలుపెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

మామయ్య: చెప్పి రాకూడదు. రాత్రి షిఫ్టులో తీసిన శాంపిల్ కూడా ఉండాలి.

మేనకోడలు: ఉండాలి. వాన పడుతున్న రోజు తీసింది కూడా.